డ్రిల్లు మాస్టారు ఉద్యోగం కాక ఇంకేముంది? క్రీడా శాస్త్రంలో మీ దారి ఎంచుకోవడం ఎలా

ప్రతి జూన్‌లో నాకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది. అడిగేది తండ్రి. పక్కన తలదించుకుని నిలబడేది కూతురో కొడుకో. "ఏటి మాస్టారూ, ఎప్పుడూ గ్రౌండే అంటాడు. చివరికి మీలాగ డ్రిల్లు మాస్టారు అవ్వడం కాక ఇంకేటుంది ఇందులో?"

నేను విజయనగరం జిల్లాలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఆ ఉద్యోగం చిన్నదని నేనెప్పుడూ అనుకోలేదు. కలియుగ భీముడని దేశమంతా పిలిచిన కోడి రామ్మూర్తి నాయుడు గారు కూడా సర్కస్‌కి ముందు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగానే పనిచేశారు. కానీ ఆ తండ్రి ప్రశ్నకు "ఇంకా చాలా ఉంది" అని ఊరికే చెప్పి పంపితే సరిపోదు. ఏముంది, దానికి ఏం చదవాలి, ఎక్కడ చదవాలి, మనవాడికి అది సరిపడుతుందో లేదో ఎలా తెలుస్తుంది? ఇవన్నీ వరసగా చెప్పాలి. ఇంటర్ చదువుతున్నవాళ్లు, డిగ్రీలో ఉన్నవాళ్లు, దెబ్బ తగిలి ఆట ఆపేసినవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు దీన్ని కలిసి చదివితే మంచిది.

ముందే ఒక మాట. కోర్సు పేరు చూసి మొదలుపెట్టకండి. మైదానంలో మిమ్మల్ని నిద్రపోనివ్వని ప్రశ్న ఏదో అక్కడ మొదలుపెట్టండి. కోర్సు దాని వెనకే వస్తుంది.

మొదటి అడుగు: మీ ప్రశ్న ఏదో పట్టుకోండి

2000 సెప్టెంబరు 19, సిడ్నీ ఒలింపిక్స్. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట ఆడపిల్ల కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (నేల నుంచి ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. మన జిల్లాల్లో చాలామందికి ఇంతవరకు తెలుసు. ఆ రోజు మొదటి రెండు స్థానాల్లో నిలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలు. మల్లీశ్వరి గారు క్లీన్ అండ్ జెర్క్ చివరి ప్రయత్నంలో 137.5 కిలోలకు వెళ్లారు. అది అందలేదు.

నేను పిల్లలకు ఈ సంగతి చెప్పి, "ఇప్పుడు మీకేం అడగాలనిపిస్తోంది?" అని అడుగుతాను. జవాబులు వింటే ఎవరు ఎటు వెళ్తారో దాదాపు తెలిసిపోతుంది.

"130 తర్వాత అంత బరువు ఎందుకడిగారు? ఇంకొంచెం తక్కువ అడిగితే ఏమయ్యేది?" అన్నవాడిలో కోచ్ ఉన్నాడు. "బార్ ఏ దగ్గర శరీరానికి దూరం జరిగింది? వీడియో ఉందా?" అన్నవాడిది బయోమెకానిక్స్, అంటే కదలికల లెక్క. "రెండు ప్రయత్నాల మధ్య కొన్ని నిమిషాల్లో కండరం ఎంతవరకు కోలుకుంటుంది?" అనేది వ్యాయామ శరీరధర్మ శాస్త్రం, మనవాళ్లు ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ అనేది. "ఆవిడ 1994, 95ల్లో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత కదా, 69కి ఎలా వెళ్లారు? ఏం తిన్నారు?" అని ఒకమ్మాయి అడిగింది. ఆ అమ్మాయి ఇప్పుడు న్యూట్రిషన్ చదువుతోంది. "బరువు దగ్గరికి నడిచి వెళ్లేటప్పుడు మనసులో ఏమనుకుని ఉంటారు?" అన్నది క్రీడా మనస్తత్వ శాస్త్రం. "అన్నేళ్లు అంత బరువు ఎత్తితే మోకాళ్లూ నడుమూ ఏం కావాలి?" అంటే ఫిజియోథెరపీ. విన్నది ఒకే కథ, ఎత్తింది ఒకే బరువు. దాని చుట్టూ ఆరు వృత్తులున్నాయి.

మీరు చేయాల్సింది సులువు. ఒక నోట్‌బుక్ తీసుకుని పది రోజులు మైదానానికి వెళ్లండి. శ్రీకాకుళం వాళ్లయితే కోడి రామ్మూర్తి స్టేడియం, విజయనగరం వాళ్లయితే విజ్జీ స్టేడియం. పల్లెలో ఉంటే హైస్కూలు గ్రౌండు చాలు. పండగకి బరువైన రాళ్లెత్తే సంగిడి రాళ్ల పోటీ జరిగితే అది ఇంకా మంచిది. ఆడకండి, చూడండి. మీకు తట్టిన ప్రతి ప్రశ్నా రాయండి. పదకొండో రోజున తిరగేసి చూస్తే ఒకే రకం ప్రశ్న మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అదే మీది.

రెండో అడుగు: డబ్బు కట్టకముందే పని రుచి చూడండి

దీన్ని అందరూ దాటేస్తారు. దయచేసి మీరు దాటొద్దు. నాలుగేళ్ల చదువులో చేరాక "ఇది నాకు పడదు" అని తెలుసుకోవడం కంటే, వారం రోజుల్లో ఇంటి దగ్గరే తెలుసుకోవడం నయం. ఒక్కో దారికి ఒక్కో చిన్న ప్రయోగం చెబుతాను. మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్నవి రెండు చేయండి.

ఫిజియాలజీ వైపు మనసున్నవాళ్లు చెమట లెక్క కట్టండి. ఒక స్నేహితుణ్ణి పరుగుకి ముందు పొడి బట్టల్లో తూకం వేయండి. గంటసేపు సాధన చేశాక చెమట తుడుచుకోమని మళ్లీ తూకం వేయండి. మధ్యలో తాగిన నీళ్లు కొలిచి రాసుకోండి. 60 కిలోల కుర్రాడు 59.2 అయ్యాడు, మధ్యలో అర లీటరు తాగాడు అనుకుందాం. తగ్గింది 0.8, తాగింది 0.5. అంటే గంటలో దాదాపు 1.3 లీటర్ల చెమట పోయింది. ఒంటి బరువులో 2 శాతం, అంటే ఇతనికి 1.2 కిలోలు తగ్గేసరికి చాలామందికి ఆట తీరు పడిపోవడం మొదలవుతుంది. ఇదే ప్రయోగం డిసెంబరు పొద్దున ఒకసారి, మే నెల సాయంత్రం భీమిలి, కళింగపట్నం వైపు సముద్రపు గాలిలో ఒకసారి చేస్తే తేడా మీకే తెలుస్తుంది. గాలిలో తడి ఎక్కువైతే చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. కారుతున్న చెమటంతా వృథాయే. ఈ లెక్కలు వేస్తుంటే మీకు ఉత్సాహంగా ఉందా, విసుగ్గా ఉందా? జవాబు అక్కడే ఉంది.

నాడి లెక్క ఇంకా తేలిక. పరుగు ఆపగానే 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. నిమిషం ఆగి మళ్లీ లెక్కపెట్టండి. రెండింటి తేడా రాయండి. నెల రోజులు సాధన చేయించి మళ్లీ చూడండి. సాధన బాగా సాగితే సాధారణంగా ఆ తేడా పెరుగుతుంది, గుండె త్వరగా నెమ్మదిస్తుంది.

బయోమెకానిక్స్ ఇష్టమైతే మీకు కావలసింది ఒక ఫోను. బరువులెత్తే మనిషికి సరిగ్గా పక్కన, నాలుగైదు మీటర్ల దూరంలో, నడుమంత ఎత్తులో ఫోను కదలకుండా పెట్టండి. చేత్తో పట్టుకుంటే లాభం లేదు. స్లో మోషన్‌లో తీయండి. కినోవియా అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, కంప్యూటర్‌లో ఎక్కించుకుంటే బార్ వెళ్లిన దారిని గీత గీసి చూపిస్తుంది. సరిగ్గా లేచిన బరువుకీ జారిపోయిన బరువుకీ ఆ గీతలు పక్కపక్కన పెట్టి చూడండి. మా బడి కంప్యూటర్ గదిలో మొదటిసారి ఆ గీత చూసిన రోజు నేను చాలాసేపు లేవలేదు. "ముందుకు లాగేస్తున్నావురా" అని నోటితో ఎన్నేళ్లుగా చెబుతున్నానో అది తెర మీద కనిపించింది.

పోషకాహారం వైపు వెళ్లాలనుకుంటే ఒక క్రీడాకారిణి మూడు రోజుల తిండి మొత్తం రాయండి. పొద్దున చోడి (రాగి) అంబలి ఎంత, మధ్యాహ్నం అన్నం ఎంత, పప్పు ఎంత, చేప ఉందా, సాధన అయ్యాక ఎంతసేపటికి తిన్నది. గట్టిగా సాధన చేసేవాళ్లకు కిలో బరువుకు రోజుకు సుమారు 1.2 నుంచి 2 గ్రాముల మాంసకృత్తులు కావాలని నిపుణులు చెబుతారు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములు. 55 కిలోల అమ్మాయికి లెక్క వేసి, ఆ ఇంట్లో వండేవాటితోనే, ఆ ఇంటి ఖర్చులోనే అది ఎలా అందుతుందో ఒక కాగితం మీద రాయండి. డబ్బాల్లో అమ్మే పొడి పేరెత్తకుండా రాయగలిగితే మీలో మంచి పోషకాహార నిపుణురాలు ఉన్నట్టే. ఉలవలు, నెత్తళ్లు, వేరుశెనగ, పెరుగు, గుడ్డు ఉన్న ఊళ్లో అది అసాధ్యం కాదు.

స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్, అంటే క్రీడాకారుడి బలాన్నీ వేగాన్నీ ఓర్పునూ పద్ధతిగా పెంచే పనికి మన రెండు జిల్లాల్లో ఉన్నంత మంచి ప్రయోగశాల ఇంకోటి లేదు. తెల్లవారుజామున ఏ రోడ్డు మీదికెళ్లినా ఆర్మీకీ పోలీసు ఉద్యోగాలకీ పరిగెత్తే కుర్రాళ్లు కనిపిస్తారు. నోటిఫికేషన్ పడిన మర్నాడు అరిగిపోయిన బూట్లతో తారురోడ్డు మీద ఒక్కసారిగా ఐదారు కిలోమీటర్లు మొదలుపెడతారు. మూడో వారానికి మోకాలి కింద ముందు ఎముక వెంట నొప్పి. దాంతోనే పరిగెత్తుతారు. కొందరికి ఎముకలో సన్నని చీలిక వస్తుంది, సెలక్షన్ నాటికి ఇంట్లో పడుకుని ఉంటారు. ఏళ్ల తరబడి ఇది చూస్తూ నాకు కడుపు తరుక్కుపోతుంది. ఎందుకంటే ఇది చాలావరకు ఆపగలిగేదే. మీరు నలుగురు కుర్రాళ్లను ఒప్పించి ఎనిమిది వారాలకు ఒక ప్రణాళిక రాయండి. మట్టి నేల మీద పరుగు, వారం వారం కొద్దికొద్దిగా పెంపు, నాలుగో వారం తగ్గింపు, వారానికి రెండు రోజులు పిక్కలకూ తుంటికీ బలం వ్యాయామాలు, ఒక రోజు పూర్తి విశ్రాంతి. ఎవరికి ఎప్పుడు ఎక్కడ నొప్పి వచ్చిందో రోజూ రాయండి. మొదటి వారం 1600 మీటర్ల సమయం, చివరి వారం సమయం పక్కపక్కన పెట్టండి. ఆ కాగితం రేపు ఏ ఇంటర్వ్యూలోనైనా మీ తరఫున మాట్లాడుతుంది.

ఫిజియోథెరపీకైతే ప్రయోగాలు చేయకండి. తెలియకుండా ఒకరి కీలు మీద చెయ్యి వేయకూడదు. దగ్గర్లోని ఫిజియోథెరపిస్టుని అడిగి నాలుగు రోజులు ఓ మూల కూర్చుని చూడండి. ఒకే వ్యాయామాన్ని ఒకే మనిషి చేత నెల రోజులు ఓపికగా చేయించే పని అది. ఆ ఓపిక మీకుందా అన్నదే పరీక్ష. మనస్తత్వ శాస్త్రం వైపు వాళ్లు పోటీకి ముందు రోజు ఇద్దరు క్రీడాకారుల దగ్గర కూర్చుని, సలహా ఒక్కటి కూడా ఇవ్వకుండా అరగంట వినండి. అది ఎంత కష్టమో మీకే తెలుస్తుంది.

మూడో అడుగు: మీ గ్రూపుకి తెరిచి ఉన్న తలుపులు చూడండి

ఇంటర్ బైపీసీ వాళ్లకు ఫిజియోథెరపీ, వైద్యం, పోషకాహారం మూడూ అందుతాయి. పదో తరగతి అయిపోయి, ఈ రంగం మీద గట్టి ఇష్టం ఉంటే బైపీసీ తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఎంపీసీ వాళ్లకు కదలికల లెక్క, ఆట విశ్లేషణ, సెన్సర్లు, డేటా పని సరిపడతాయి. ఆర్ట్స్ వాళ్లు సైకాలజీ, కోచింగ్, వ్యాయామ విద్య వైపు నిశ్చింతగా వెళ్లొచ్చు. "నాది సీఈసీ మాస్టారూ, నాకు దారి లేదు" అని ఎవరూ కుంగిపోవద్దు. వ్యాయామ ఉపాధ్యాయుల డిగ్రీ అయిన బీపీఈడీకి ఏ డిగ్రీ అయినా సరే.

నాలుగో అడుగు: దారి వారీగా చదువు

వ్యాయామ ఉపాధ్యాయ వృత్తితోనే మొదలుపెడతాను, ఎందుకంటే నాకు బాగా తెలిసింది అదే. ఇంటర్ తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా, అంటే యూజీడీపీఈడీ, డిగ్రీ తర్వాత బీపీఈడీ, ఒక్కోటి రెండేళ్లు. మన రాష్ట్రంలో రెండింటికీ ప్రవేశ పరీక్ష పీసెట్. ఇందులో రాత పరీక్ష ఉండదు, అంతా మైదానంలోనే. 100 మీటర్ల పరుగు, గుండు విసరడం, లాంగ్ జంప్ లేదా హై జంప్, మగవాళ్లకు 800 మీటర్లు, ఆడవాళ్లకు 400 మీటర్లు. వీటికి 400 మార్కులు, మీరు ఎంచుకున్న ఆటలో నైపుణ్యానికి 100. చాలామంది ఆట ఒక్కటే సాధన చేసి వెళ్తారు, మార్కులు మాత్రం పరుగూ గుండూ దగ్గర పోగొట్టుకుంటారు. గుండు విసరడం రెండు నెలలు నేర్చుకుంటే వస్తుంది, దాన్ని వదిలేయకండి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్యా విభాగం ఉంది కాబట్టి మనకు దూరం కూడా కాదు. ఆ తర్వాత డీఎస్సీ, కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ. వ్యాయామ విద్యలో పీజీ, అంటే ఎంపీఈడీ చేసి యూజీసీ నెట్ పాసైతే డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ కావొచ్చు.

కోచ్ కావాలంటే దేశంలో అందరూ గుర్తించే పేరు పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ. 1961లో మొదలైంది. అక్కడ ఏడాది డిప్లొమా చేసినవాళ్లనే మనం ఎన్ఐఎస్ కోచ్ అంటాం. డిగ్రీతో పాటు మీ ఆటలో పోటీల అనుభవం కావాలి, కాబట్టి ఆడిన ప్రతి పోటీ సర్టిఫికెట్టూ ఫైల్లో భద్రపరచండి. పంపు నీళ్లలో తడిసి, చెదలు పట్టి పోయాయని ఏడ్చినవాళ్లను చూశాను. ఏడాది వెళ్లలేని ఉద్యోగస్తులకు ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఉంది. అది ఆరంభానికి పనికొస్తుంది కానీ డిప్లొమాతో సమానం కాదు. మణిపూర్‌లో 2018 చట్టంతో ఏర్పడిన జాతీయ క్రీడా విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత నేరుగా స్పోర్ట్స్ కోచింగ్‌లో నాలుగేళ్ల బీఎస్సీ ఉంది. ఇంఫాల్ అనగానే ఇంట్లో భయపడతారు, అయినా దరఖాస్తు చేయించండి.

అచ్చంగా వ్యాయామ శాస్త్రమే చదవాలనుకునేవాళ్లకు మనకు దగ్గర చెన్నై. శ్రీ రామచంద్ర సంస్థలో స్పోర్ట్స్ అండ్ ఎక్సర్‌సైజ్ సైన్స్‌లో డిగ్రీ ఉంది. తమిళనాడు ప్రభుత్వ వ్యాయామ విద్యా క్రీడా విశ్వవిద్యాలయంలో పీజీ చేయొచ్చు. గ్వాలియర్‌లో 1957 నుంచి నడుస్తున్న లక్ష్మీబాయి జాతీయ వ్యాయామ విద్యా సంస్థలో ఫిజియాలజీ, బయోమెకానిక్స్, సైకాలజీ విభాగాలున్నాయి. కర్ణాటకలో మణిపాల్ ఉంది, ఫీజు మాత్రం ముందే చూసుకోండి. ఈ చదువు అయ్యాక భారత క్రీడా ప్రాధికార సంస్థ, అదే మన సాయ్, హై పెర్ఫార్మెన్స్ అనలిస్ట్ పేరుతో ఫిజియాలజీ, బయోమెకానిక్స్, సైకాలజీ, న్యూట్రిషన్, ఫిజియోథెరపీ, కండిషనింగ్ నిపుణులను తీసుకుంటూ ఉంటుంది. అవి ఎక్కువగా కాంట్రాక్టు ఉద్యోగాలు. ఈ విషయం ఇంట్లో దాచకుండా చెప్పండి.

ఫిజియోథెరపీ డిగ్రీ, అంటే బీపీటీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నర ఏళ్లుగా ఉంటూ వచ్చింది. కొత్త పాఠ్య ప్రణాళికలో ఐదేళ్లు అవుతోంది కాబట్టి మీరు చేరే ఏడాది నోటిఫికేషన్ ఆసాంతం చదవండి. క్రీడల వైపు రావాలంటే పైన రెండేళ్ల ఎంపీటీలో స్పోర్ట్స్ ఎంచుకోవాలి. ఈ దారికి ఒక భరోసా ఉంది. క్రీడల్లో ఉద్యోగం ఆలస్యమైనా ఊళ్లో ఆస్పత్రి పని ఉంటుంది. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్ చట్టం కింద ఇది నమోదు కావాల్సిన వృత్తి. పది రోజుల మసాజ్ కోర్సు చేసి ఫిజియో అని బోర్డు పెట్టుకునే పని మీరు చేయకండి.

పోషకాహారానికి మన పిల్లలకు దగ్గర్లోనే దేశంలోకెల్లా పెద్ద సంస్థ ఉంది, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. అక్కడ స్పోర్ట్స్ న్యూట్రిషన్‌లోనే ఎమ్మెస్సీ ఉంది. సీట్లు కొన్నే, పోటీ ఎక్కువ. డిగ్రీలో న్యూట్రిషన్, హోమ్ సైన్స్, బయోకెమిస్ట్రీ లాంటివి తీసుకుంటూ మొదటి ఏడాది నుంచే ఆ ప్రవేశ పరీక్ష అర్హతలు చూసుకోండి.

సైకాలజీకి బీఏ లేదా బీఎస్సీ, తర్వాత పీజీ. వైద్యులకు ఎంబీబీఎస్ తర్వాత స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఎండీ. ఈ రెండూ ఎక్కువకాలం పట్టే దారులు, తొందరపడేవాళ్లకు కావు.

ఇక జిమ్ ట్రైనర్. మన టౌన్లలో ఇప్పుడు వీధికో జిమ్ ఉంది, పని త్వరగా దొరుకుతుంది, చదువుకుంటూ సంపాదించొచ్చు. అయితే కండలు ఉన్నంత మాత్రాన ట్రైనర్ కాలేరు. కనీసం ప్రథమ చికిత్స, గుండె ఆగితే చేయాల్సిన సీపీఆర్ నేర్చుకుని మొదలుపెట్టండి. అంతర్జాతీయ సర్టిఫికెట్లలో బరువైనది సీఎస్‌సీఎస్, అంటే స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ నిపుణుల సర్టిఫికెట్. దానికి డిగ్రీ ఉండాలి, సీపీఆర్ శిక్షణా ఉండాలి. పరీక్ష ఇంగ్లీషులో, ఫీజు డాలర్లలో. డిగ్రీ రెండో ఏడాది నుంచే ఆ పుస్తకం రోజుకు రెండు పేజీలు చదివితే భాష భయం పోతుంది.

ఎవరూ చెప్పని దారి ఇంకోటుంది. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ పేరు బరువులెత్తే పిల్లలతోనే నిలబడింది. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచారు. మొదటి స్థానం వచ్చిన నైజీరియా అమ్మాయి డోప్ పరీక్షలో దొరికింది. ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపే మందులు, నిషేధించినవి, బయటపడ్డాయి. సంతోషి కాంస్యం రజతమైంది. ఆ నమూనా తీసుకున్నవాళ్లు, దాన్ని ప్రయోగశాలలో పరీక్షించినవాళ్లు లేకపోతే మన అమ్మాయికి ఆ పతకం వచ్చేది కాదు. మన దేశంలో నమూనాలు తీసుకునే పని జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, నాడా చూస్తుంది. నమూనాలు తీసుకునే డోపింగ్ కంట్రోల్ అధికారులకు అదే శిక్షణ ఇస్తుంది. కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ చదివినవాళ్లకు ప్రయోగశాల వైపు దారి ఉంది. మందుల దుకాణంలో కొన్న దగ్గు మందు వల్ల కూడా పిల్లల కెరీర్ పోవచ్చు. ఒంట్లో ఏది దొరికినా బాధ్యత క్రీడాకారుడిదే అనేది నియమం. ఈ విషయం పల్లె పల్లెకూ చెప్పేవాళ్లు మనకు చాలామంది కావాలి.

ఐదో అడుగు: మైదానం బయట కూడా చూడండి

వ్యాయామ శాస్త్రం అంటే పతకాలొక్కటే అనుకుంటే సగం ఉద్యోగాలు కనిపించవు. పలాసలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లు గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చుంటారు. నడుము, మెడ, మణికట్టు నొప్పులు వాళ్ల జీవితంలో భాగమైపోయాయి. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో షిఫ్టుల్లో నిలబడేవాళ్లున్నారు. పని చేసే చోటుని మనిషి ఒంటికి తగ్గట్టు మార్చే శాస్త్రం ఉంది, దాన్ని ఎర్గోనామిక్స్ అంటారు. బయోమెకానిక్స్ చదివినవాళ్లకు అది పక్కింటి తలుపు.

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం సంగతి మీకు చెప్పక్కర్లేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధనా కేంద్రం, ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు కండరాలు కరిగిపోతాయి, నాలుగడుగులు వేస్తే నీరసం. డాక్టర్ పర్యవేక్షణలో, డయాలసిస్ జరుగుతుండగానే పడుకున్నచోట నెమ్మదిగా పెడల్ తొక్కించే పద్ధతి ప్రపంచంలో చాలా చోట్ల అమల్లో ఉంది. గుండెపోటు తర్వాత కోలుకునేవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు, పడిపోతామని భయపడే ముసలివాళ్లకు కొలిచి వ్యాయామం ఇచ్చే మనిషి కావాలి. సోంపేట, కవిటి పిల్ల ఒకతె ఈ చదువు చదివి తిరిగి ఆ ఊళ్లకే వస్తే ఎంత బాగుంటుందో అని నేను చాలాసార్లు అనుకుంటాను.

ఆట విశ్లేషణ ఇంకో వైపు. కబడ్డీ, క్రికెట్ జట్లకు వీడియోలు చూసి ప్రత్యర్థి అలవాట్లు పట్టి చెప్పేవాళ్లు కావాలి. విజయనగరం పీవీజీ రాజు క్రీడా ప్రాంగణంలో రంజీ మ్యాచ్ జరిగితే ఒక ఓవర్‌లో ప్రతి బంతీ ఎక్కడ పడింది, ఎటు వెళ్లింది అని కాగితం మీద రాసి చూడండి. రోజంతా విసుగు లేకుండా రాశారంటే మీకిది పడుతుంది.

ఆరో అడుగు: కాలేజీని పరీక్షించండి

నా శిష్యుడొకడు నన్ను అడక్కుండానే ఒక ప్రైవేటు కాలేజీలో చేరాడు. బోర్డు మీద స్పోర్ట్స్ సైన్స్ అని పెద్ద అక్షరాలు. రెండో ఏడాదికి కూడా ల్యాబ్‌లో ట్రెడ్‌మిల్‌కి కట్టిన ప్లాస్టిక్ కవరు విప్పలేదు. చివరికి సర్టిఫికెట్ మీద కోర్సు పేరు వేరేగా ఉంది, ఉద్యోగ దరఖాస్తులో దాన్ని ఎవరూ గుర్తించలేదు. వాళ్ల నాన్న ఆ ఫీజు కోసం అర ఎకరం అమ్మాడు. ఆ కాలేజీ పేరు చెప్పి లాభం లేదు, అలాంటివి ఇంకా ఉన్నాయి.

కాబట్టి డబ్బు కట్టేముందు వెళ్లి చూడండి. డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయానికి యూజీసీ గుర్తింపు ఉందా? బీపీఈడీ, యూజీడీపీఈడీ అయితే జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందా? సర్టిఫికెట్ మీద అచ్చంగా ఏ పేరు వస్తుంది? పాత విద్యార్థిది ఒకటి చూపించమనండి. ల్యాబ్ తాళం తీయించండి, యంత్రాన్ని ఆన్ చేయమనండి. ఇంటర్న్‌షిప్ ఎక్కడ, ఎన్ని నెలలు? పోయిన ఏడాది పాసైన ముగ్గురి ఫోన్ నంబర్లు అడిగి, కాలేజీ బయటికొచ్చాక వాళ్లతో మాట్లాడండి. ఈ ప్రశ్నలకు విసుక్కునే కాలేజీ అయితే తిరిగి బస్సెక్కేయండి.

ఏడో అడుగు: ఇంట్లో మాట్లాడండి

అమ్మానాన్నలకు కల చెప్పకండి, లెక్క చెప్పండి. చదువు ఎన్నేళ్లు, ఫీజు ఎంత, స్కాలర్‌షిప్ ఉందా, మొదటి ఉద్యోగం ఎక్కడ, అది రాకపోతే రెండో దారి ఏది. అన్నీ ఒకే పేజీలో రాసి ఇవ్వండి. రెండో అడుగులో చేసిన ప్రయోగాల నోట్‌బుక్ పక్కన పెట్టండి. మల్లీశ్వరి గారు ఆట మానేశాక అకాడమీ నడిపి, 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారని చెప్పండి. ఊసవానిపేట నుంచి అంతదూరం ఆవిణ్ణి తీసుకెళ్లింది క్రీడే.

భుజం నొప్పితో ఆట ఆపేసిన ఒకమ్మాయి నా దగ్గరికొచ్చి, "ఇంక గ్రౌండుకి ఎందుకు రావాలి మాస్టారూ?" అంది. బైపీసీ అమ్మాయి. నొప్పి ఏ కోణంలో మొదలవుతుందో రోజూ రాయమన్నాను. రెండు నెలల్లో నోట్‌బుక్ నిండిపోయింది. ఇప్పుడు బీపీటీ మూడో ఏడాది. సెలవులకు వచ్చినప్పుడు చిన్నపిల్లల భుజాలు ఎలా కదులుతున్నాయో చూసి, ఎవరిని డాక్టర్‌కి చూపించాలో ఒక చీటీ మీద రాసి నా చేతిలో పెట్టి వెళ్తుంది. పోయిన సంక్రాంతికి ఆ చీటీలో నాలుగు పేర్లున్నాయి.